ఆకు నలిపి చూడు

ఫిబ్రవరి 2

మా ఇంటి పోలీసు ముక్కుకి,

నీ ఉత్తరం చేరింది. కవరు మీద నా పేరు రాయడానికి కూడా నీకు చేతులు నొప్పెట్టాయా? ‘కుట్టుమిషన్లు బాగుచేసే తుంటరి’ అని రాసి కింద వీధి పేరు పడేశావు. అయినా తిన్నగా మా గుమ్మంలోకే వచ్చింది. పోస్టుమాను “ఇది మీదేనా” అని కూడా అడగలేదు. అదీ నా పలుకుబడి.

రెండేళ్ల కిందట ఫోన్లో గొంతు మార్చి, నీళ్ల ఆఫీసు నుంచి మాట్లాడుతున్నామని చెప్పి, మూడు రోజులు కుళాయి రాదన్నాను. నువ్వు పూలకుండీతో సహా ఇంట్లో గుంట ఉన్న ప్రతిదాన్నీ నింపి పెట్టుకున్నావు. తప్పే. అయితే మాత్రం “ఇకమీద నీ గొంతు నమ్మను, ఏదైనా ఉంటే రాసి చావు” అని ఇన్నాళ్లు పట్టుబడతారా అక్కా? నేను చదివింది ఏడో తరగతి. నీ పుణ్యమా అని ఇప్పుడు నెలకి ఓ పుస్తకమంత రాస్తున్నాను.

సరే, విషయానికి వస్తాను. మీ నర్సుల హాస్టలు క్యాంటీనుకి వచ్చే టమాటాలకి ఈమధ్య వాసనే ఉండటంలేదన్నావు. ఇరవై రెండేళ్లలో నీ చేతి కూర తిననివాళ్లు లేరు, ఇప్పుడు నెలలో తొమ్మిది ప్లేట్లు వెనక్కొచ్చాయన్నావు. ఇలాగే ఉంటే పొయ్యి దగ్గర్నుంచి తీసేసి టోకెన్ల కిటికీలో కూర్చోబెడతానని కొత్త మేనేజరు అన్నాడన్నావు. అంతా ఆ టమాటాల వల్లేనా? గేటు దగ్గర నిలబడితేనే వాసన కొట్టే మా పెరటి టమాటా గింజలు కావాలన్నావు. పంపకుండా ఉంటానా?

పొట్లంలో ఉన్నాయి. పురుగు పట్టకుండా బూడిదలో కలిపాను. కడగొద్దు, ఏరొద్దు, పరీక్షలు చెయ్యొద్దు. గుడ్లు పెట్టుకునే అట్ట తెచ్చి, ప్రతి గుంటకీ అడుగున చిల్లు పొడిచి, మట్టీ చివికిన ఎరువూ సగం సగం నింపు. గోరంత లోతులో ఒక్కో గుంటలో రెండేసి గింజలు. నీళ్లు పొయ్యకు, చిలకరించు. నువ్వు కూరలో పోసినట్టు పోస్తే కుళ్లిపోతాయి. మొలిచేదాకా పైన పాత న్యూసుపేపరు కప్పు. మొలిచిన రోజే తీసెయ్.

ఈ కాగితం కుడిచేతి మూలన నీకో చిన్న బహుమతి ఉంది. అదేమిటో నేను చెప్పను. నీ తిట్లు వస్తే అందిందనుకుంటాను.

నీ తలనొప్పి

&nbsp;

ఫిబ్రవరి 12

తుంటరికి,

గింజలు వచ్చాయి. నువ్వు చెప్పినట్టే గుడ్ల అట్టలో వేసి, వంటింటి కిటికీ గట్టు మీద పెట్టాను. ఎండ అక్కడికే వస్తుంది. బూడిద కడగలేదు. మొత్తం పన్నెండు గుంటలు, ఇరవై నాలుగు గింజలు.

ఒక్క సందేహం. గింజకి తలా తోకా ఉంటాయా? ఏది కిందకి పెట్టాలో చెప్పలేదు నువ్వు. నేను ఎటు పడితే అటు వేశాను. తలకిందులుగా పడినవి భూమిలోకి మొలుస్తాయా?

బావ క్షేమం. బస్సు రూటు మారింది, ఇంటికి రావడం ఆలస్యమవుతోంది. ఏం పెట్టినా “బాగుంది” అంటాడు. ఆ మనిషి బాగుందన్నాడని నమ్ముకుంటే అయినట్టే. నవంబరులో ఓరోజు కూరలో ఉప్పు వెయ్యడం మరిచిపోయినా బాగుందన్నాడు.

మేనేజరు సోమవారం సూపు రుచి చూసి చెంచా కింద పెట్టేశాడు. ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధగా ఉంది.

అక్క

&nbsp;

ఫిబ్రవరి 19

తిట్టని అక్కకి,

రెండుసార్లు చదివాను నీ ఉత్తరం. తిట్టు ఒక్కటీ లేదు. నేను ఆ మూల చేసిన పనికి నువ్వు కనీసం ‘దొంగముఖమా’ అయినా అనాలి కదా? వయసు మీద పడి మర్యాద వచ్చేసిందా ఏమిటి? పోనీలే. ఈ కాగితం నాలుగు మూలలా మళ్లీ అదే పని చేశాను, ఈసారి మోతాదు పెంచి. పోస్టుమాను ముక్కు మూసుకుని తీసుకున్నాడు.

నీ సందేహం విన్నాక నాకూ కుతూహలం పట్టుకుంది. ఒక గాజు గ్లాసు లోపల అంచు చుట్టూ తడిపిన గుడ్డ పెట్టి, గ్లాసుకీ గుడ్డకీ మధ్య ఆరు గింజలు ఇరికించాను. మూడు నిలువుగా, రెండు తలకిందులుగా, ఒకటి అడ్డంగా. రోజూ మిషను రిపేరు మధ్యలో లేచి చూసొస్తున్నాను. మా ఆయన “ఆ గ్లాసేమైనా టీవీ అనుకున్నావా” అంటున్నాడు.

ఏమైందో చెప్తాను విను. తెల్లని వేరు అన్నిట్లోంచీ ఒకే చోటు నుంచి వచ్చింది. తలకిందులుగా ఉన్నదానికి పైకి వచ్చింది పాపం. గోరంత పెరిగాక ఆగింది. ఆలోచించుకుంది. మర్నాటికి మెడ వంచి, కొంకిలా తిరిగి, కిందికి దిగింది! చీకట్లో, గుడ్డలో, కళ్లు లేని గింజకి కింద ఎటో ఎవరు చెప్పారే అక్కా? నేను సూదిని తిరగేసి బిగిస్తే మిషను దారం తెంపి కూర్చుంటుంది. లక్ష ఇనప ముక్కలున్న మిషనుకి తెలియంది ఆవగింజంత గింజకి తెలిసింది.

అందుకని నువ్వు దిగులుపడకు. ఎటు వేసినా అవే తిరుగుతాయి.

వీటిలో ఏదీ నమ్మకపోతే నీ ఇష్టం. కానీ కాగితం వాసన చూసి తిట్టు, తల్లీ!

ఎదురుచూసే చెల్లి

&nbsp;

మార్చి 8

చెల్లికి,

మొలిచాయి. ఇరవై నాలుగులో పంతొమ్మిది. మొదట ఏమీ లేదు, తొమ్మిదో రోజున ఓ గుంటలో మట్టి పగిలినట్టు కనిపించింది. మధ్యాహ్నం క్యాంటీను నుంచి వచ్చేసరికి మెడలు వంచుకుని నాలుగు నిలబడ్డాయి. రెండింటికి గింజ పొట్టు ఇంకా నెత్తి మీదే ఉంది, టోపీ పెట్టుకున్నట్టు. తీద్దామని చెయ్యి పెట్టబోయి ఆగాను. తెల్లారేసరికి అవే తీసేసుకున్నాయి.

అన్నీ కిటికీ వైపే వంగుతున్నాయి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అట్ట తిప్పుతున్నాను. బలహీనంగా ఉన్నవి కత్తెరతో కత్తిరించమని క్యాంటీనులో కూరలు తరిగే ఆవిడ చెప్పింది. మూడు రోజులు చేతులు రాలేదు. చివరికి కళ్లు మూసుకుని ఏడు కత్తిరించాను. ఇప్పుడు పన్నెండున్నాయి, గుంటకొకటి.

కాడలు ఊదారంగులో ఉన్నాయేమిటే? ఆకులు గుండ్రంగా, మందంగా వస్తున్నాయి. టమాటా ఆకు చీలికలు చీలికలుగా ఉంటుంది కదా?

మేనేజరు ఈ నెలాఖరుదాకా గడువిచ్చాడు. నీ మొక్కలు అప్పటికి కాయవని తెలుసు. అయినా పొద్దున్నే లేచి వాటినే చూస్తున్నాను. వాటికి ఆకు వస్తే చాలనిపిస్తోంది.

నీ కాగితం చూశాను. కొంచెం మరకలున్నాయి. ఏం చేశావో ఏమో, తిట్టే ఓపిక లేదు.

అక్క

&nbsp;

మార్చి 14

అక్కా,

కాడ ఊదారంగంటావా? చలిగాలి తగిలితే అలాగే అవుతుంది, చంటిపిల్లల పెదాల్లా. ఆకుల సంగతికొస్తే, పుట్టిన రోజే ఎవరికీ మీసాలు రావు. చీలికలు తర్వాత వస్తాయి. ఈ ముక్కలు రాస్తున్నప్పుడు నా మొహం నువ్వు చూడనందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను.

ఒక్క పని చెయ్యి. ఒక ఆకు తుంచి, రెండు వేళ్ల మధ్య బాగా నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని, ఏం వాసనో ఉన్నదున్నట్టు రాయి. నీ జవాబు కోసం మా ఆయనతో పందెం కాశాను. ఓడినవాళ్లు వారం రోజులు గిన్నెలు కడగాలి. త్వరగా రాయి.

చెల్లి

&nbsp;

మార్చి 21

చెల్లికి,

నువ్వు చెప్పినట్టే ఆకు నలిపాను. అబ్బ, ఏం వాసనే! వంటిల్లంతా నిండిపోయింది. అచ్చం మీ పెరట్లో తెల్లవారగట్ల నీళ్లు పెట్టినప్పుడు వచ్చే ఘాటు. వేళ్లు కడుక్కున్నా మధ్యాహ్నందాకా పోలేదు. టమాటా అంటే ఇదీ అనిపించింది.

మరిదికి చెప్పు, గిన్నెలు తనే కడగాలని.

అక్క

&nbsp;

మార్చి 26

అక్కా,

ఈ ఉత్తరం నాలుగోసారి మొదలుపెడుతున్నాను. మూడు చింపేశాను. నవ్వించడం ఒక్కటే వచ్చినవాళ్లకి మామూలుగా రాయడం ఎంత కష్టమో ఇప్పుడు తెలిసింది.

నీ కిటికీ గట్టు మీద ఉన్నవి టమాటాలు కావు. వంకాయలు.

నేనే పంపాను. బూడిదలో కలిపింది పురుగు కోసం కాదు, నీ కంటికి దొరక్కుండా. రోజూ వంకాయలు కోసే చెయ్యి నీది, చూస్తే పోల్చేస్తావని భయం. టమాటా మొక్కకి ఊదారంగు పువ్వు పూసి, వంకాయ వేలాడిన రోజున నువ్వు రాసే తిట్లు ఫ్రేము కట్టించుకుందామనుకున్నాను. ఆ రోజే గంపెడు మంచి టమాటాలు మోసుకొచ్చి కాళ్ల మీద పడదామనుకున్నాను. ఆకు నలపమంది కూడా అందుకే. “ఇదేం వాసనే, పచ్చిగడ్డిలా ఉంది, నన్ను మోసం చేశావు కదూ” అని రాస్తావని పందెం కాశాను. గిన్నెలు నేనే కడుగుతున్నాను.

వంకాయ ఆకుని ఎంత నలిపినా టమాటా ఘాటు రాదు అక్కా. మధ్యాహ్నందాకా పోని వాసన అస్సలు రాదు.

మొదటి ఉత్తరం మూలన వెల్లుల్లి రుద్దాను. రెండోదానికి నాలుగు మూలలా కిరసనాయిలు. మరకలున్నాయన్నావు, అంతే. చిన్నప్పుడు నేను ఏ డబ్బా మూత తీశానో నా వేళ్లు వాసన చూసి చెప్పేదానివి. పోలీసు ముక్కని నాన్న పేరు పెట్టింది ఊరికే కాదు. ఆ ముక్కు కిరసనాయిల్ని ఎలా వదిలేసింది?

నన్ను తిట్టు. ఉత్తరాలు మానెయ్. కానీ ముందు ఇది చెప్పు. నీ ముక్కుకి ఏమైంది?

నీ చెల్లెలు

&nbsp;

ఏప్రిల్ 9

నీకు రాయకూడదనుకున్నాను. పదిరోజులు రాయలేదు కూడా.

నా ఉద్యోగం ఊగిసలాడుతుంటే నీకు వంకాయలతో ఆటలా? నెలన్నర వాటికి పొద్దున సాయంత్రం దిక్కు తిప్పాను. కత్తిరించినవాటికి క్షమాపణ చెప్పుకున్నాను. నలభై ఆరేళ్లొచ్చాయి నీకు. ఏ వయసుకి పోతుందే ఆ బుద్ధి?

తిట్టడం అయింది. ఇప్పుడు విను.

నవంబరులో వారం రోజులు జ్వరం వచ్చింది. తగ్గిన మర్నాడు స్నానం చేస్తుంటే సబ్బుకి వాసన లేదు. సబ్బు పాతదైపోయిందనుకుని కొత్తది తెచ్చాను. తర్వాత కాఫీకి లేదు. దుకాణం మార్చాను. తర్వాత ఉల్లిపాయలకి లేదు. సరుకు వేసే మనిషితో పోట్లాడాను. అలా ఒక్కొక్కదాన్నీ తప్పు పట్టుకుంటూ వచ్చి టమాటాల దగ్గర ఆగాను. మీ పెరటి టమాటా వాసన ఒక్కటి తగిలితే చాలు, చెడింది లోకమే, నేను కాదు అని నమ్మొచ్చనుకున్నాను.

ఆకు నలిపాను. ఏమీ లేదు. ఇంకోటి నలిపాను. వేళ్లు పచ్చబడ్డాయి, అంతే. ఏం రాయమంటావు? గుర్తున్న వాసన రాశాను.

నాలుక మీద ఉప్పు, పులుపు, కారం తెలుస్తాయి. మిగతాదంతా అట్టముక్క నమిలినట్టుంటుంది. ఇరవై రెండేళ్ల అలవాటు మీద చేతి కొలతతో వండుతున్నాను. పోయిన వారం పాలు అడుగంటాయి. నేను గిన్నె పక్కనే నిలబడి ఉన్నాను. కూరలు తరిగే ఆవిడ అవతలి గదిలోంచి పరిగెత్తుకొచ్చింది. నా మొహం వైపు చూసింది. ఆవిడకి అర్థమైపోయింది.

డాక్టరు దగ్గరికి వెళ్లాను. జ్వరంలో వాసన తీసుకెళ్లే నరాలు దెబ్బతిన్నాయట. మళ్లీ మొలవచ్చు, మొలవకపోవచ్చు అన్నాడు. ‘మొలవడం’ అనే మాట ఆయనే అన్నాడు, నేను కల్పించలేదు. రోజూ ఘాటైన వాసనలు ఓపికగా చూస్తూ ఉండమన్నాడు.

బావకి చెప్పలేదు. చెబితే దానికీ బాగుందంటాడని కాదు, నోటితో అంటే నిజమైపోతుందని.

ముక్కు లేని పోలీసు

&nbsp;

ఏప్రిల్ 15

అక్కా,

నీ తిట్లు మూడుసార్లు చదువుకున్నాను. ఒక్కటీ ఎక్కువ కాలేదు.

ఈ పొట్లంలో ఉన్నవి టమాటా గింజలు. నా మిషను మీద ఒట్టు. బూడిద లేదు, చూసుకో. బల్లపరుపుగా, ఒంటినిండా సన్నని నూగుతో ఉంటాయి. ఎలా తీశానో కూడా చెప్తాను, దాపరికం వద్దు. బాగా పండిన కాయ గుజ్జు గింజలతో సహా గ్లాసులో పిండి, మూడు రోజులు మూత పెట్టి వదిలేశాను. పైన బూజు తేలింది, కంపు కొట్టింది. గింజ చుట్టూ ఉండే జిగురు అలా పులిస్తేనే వదులుతుంది. ఆ జిగురు ఉన్నంతకాలం గింజ మొలవదట! తల్లికాయ లోపలే మొలిచేయకుండా అదే కాపలా. ఇన్నేళ్లు టమాటాలు తిన్నాను, ఆ జిగురు పనేమిటని ఒక్కసారైనా అడిగానా?

పులవడం, కుళ్లడం ఒకేలా కనిపిస్తాయి అక్కా, గ్లాసు బయట నుంచి చూసేవాళ్లకి. మూడో రోజున కడిగితే మంచి గింజలన్నీ అడుక్కి దిగాయి. నీ డాక్టరు మాట గుర్తొచ్చింది. ఇంతకంటే రాయడం నాకు రాదు.

ఇప్పుడు పని. ఇకనుంచి నా ప్రతి ఉత్తరం కుడి మూలన పెన్సిలుతో గుండ్రంగా గీసి, అందులో ఏదో ఒకటి రుద్దుతాను. పక్కన కాగితం మడిచి అంటించి ఉంటుంది. ముందు వాసన చూడు. నీకు తోచింది రాసి పెట్టు. ఆ తర్వాతే మడత విప్పు, జవాబు అందులో ఉంటుంది. ఏమీ తెలియకపోతే ‘ఏమీ లేదు’ అనే రాయి. నేను కాగితం మీద ఇంక మోసం చెయ్యను, నువ్వు కాగితం మీద అబద్ధం రాయకు. ఒప్పందమా?

వంకాయ మొక్కలు పీకెయ్యకు. తప్పు వాటిది కాదు.

చెల్లి

&nbsp;

మే 6

చెల్లికి,

ఒప్పందమే.

నీ మొదటి గుండ్రానికి జవాబు: ఏమీ లేదు. మడత విప్పితే ‘లవంగం’ అని ఉంది. మళ్లీ వాసన చూశాను. లవంగం అని తెలిశాక కూడా ఏమీ లేదు.

మార్చి గడువుని మేనేజరు ఇంకో నెల జరిపాడు, అది ముగిసేలోగా ఆయనకి చెప్పేశాను. కూరలు తరిగే ఆవిడని వెంటబెట్టుకుని వెళ్లాను. “నా ముక్కు పనిచెయ్యట్లేదండీ. చెయ్యి పనిచేస్తోంది. ఈవిడ ముక్కు అరువిస్తానంటోంది. ప్రతి గిన్నె ఈవిడ వాసన చూశాకే కిటికీ దాటుతుంది” అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. “ఆర్నెల్లు మీరు నాకెందుకు చెప్పలేదు?” అన్నాడు. “మీరు రుచి చూసి చెంచా కింద పెట్టినప్పుడు నాకెందుకు చెప్పలేదు?” అన్నాను. కూరలావిడ నా చెయ్యి గిల్లింది. జులై నెలాఖరుదాకా చూస్తానన్నాడు.

టమాటాలు మొలిచాయి. ఆరు రోజులకే. ఈసారి నిజంగానే ఆకుకి చీలికలొస్తున్నాయి, కాడ మీద నూగుంది. నాలుగు ఆకులు రాగానే పెద్ద డబ్బాల్లోకి మార్చాను. పోయిన ఉత్తరంలో మెడదాకా మట్టిలో పాతమన్నావు కదా, భయంగా ఉండింది. పాతిన కాడకి కూడా వేళ్లొస్తాయంటే నమ్మలేదు. ఒకటి పీకి చూశాను, నిజమే. కాడ నిండా తెల్లని మొటిమలు. నువ్వు నిజం చెప్పినా పీకి చూసుకోవాల్సి వస్తోంది, చూడు నీ పరువు.

రోజూ ఒక ఆకు నలుపుతున్నాను. ఏమీ లేదు. రాస్తున్నాను, ఏమీ లేదని.

బావకి చెప్పాను. వచ్చి నా పక్కన కూర్చున్నాడు. తర్వాత “ఆ ఉప్పు లేని కూర రోజు నాకు తెలుసు” అన్నాడు. “మరి చెప్పలేదేం?” అంటే “నువ్వు జ్వరం నుంచి లేచి నాలుగు రోజులే అయింది కదా” అన్నాడు. ఆ మనిషి బాగుందనడం వెనక ఏముందో పాతికేళ్లుగా వాసన పట్టలేదు నేను.

అక్క

&nbsp;

జూన్ 20

చెల్లికి,

నీ జూన్ ఉత్తరాలు మూడూ అందాయి. ఒక వింత జరిగింది.

పదకొండో తారీకు పొద్దున ఆకు నలిపితే వాసన వచ్చింది! ఎగిరి గంతేశాను. కానీ అది టమాటా వాసన కాదే, కాలిన రబ్బరు. కిటికీ తీసి వీధిలోకి చూశాను, ఎవరైనా టైరు తగలబెడుతున్నారేమోనని. లేదు. కాఫీ కూడా కాలిన రబ్బరే. సబ్బు కూడా. బావ చొక్కా కూడా. డాక్టరుకి చెప్తే నవ్వాడు. కొత్తగా మొలిచిన నరాలు మొదట దారి తప్పుతాయట, మంచిదే అన్నాడు. నీ గ్లాసులో తలకిందులుగా మొలిచిన వేరు గుర్తొచ్చింది. అదీ ముందు పైకే పోయింది కదా.

నీ మూడు గుండ్రాలకి జవాబులు, మడత విప్పకముందు రాసినవి: మొదటిది ఏమీ లేదు, రెండోది నిమ్మతొక్క, మూడోది కర్పూరం. విప్పితే రెండు కలిశాయి! రెండూ రబ్బరు వెనకాల ఎక్కడో సన్నగా తగిలాయి. మొదటిది పుదీనా అట. పోనీ.

టమాటాలు పూశాయి. పసుపు నక్షత్రాల్లా. నాలుగో అంతస్తు కిటికీకి తుమ్మెదలెక్కడ వస్తాయి? నువ్వు చెప్పినట్టు రోజూ పువ్వు వెనక వేలితో తడుతున్నాను. ఈవేళ ఒక పువ్వు ఎండి, దాని వెనక మిరియపు గింజంత పచ్చటి గుండు కనిపించింది. నీ వంకాయ మొక్క కూడా కాసింది. ముందే కాసింది! క్యాంటీనులో అందరికీ చూపించి, ఇది మా చెల్లెలి బుద్ధి అని చెప్పాను.

అక్క

&nbsp;

జులై 4

అక్కా,

నీ ఉత్తరం చదివి గంతేసింది నేను. మా ఆయనకి చదివి వినిపించాను. పక్కింటి టైలరుకి కూడా.

ఆ తర్వాత కూర్చుని ఆలోచిస్తే నాలో పురుగు తొలిచింది. నిమ్మతొక్క, కర్పూరం. వరసగా రెండు సరిగ్గా వచ్చాయి. గడువు ముంచుకొస్తోంది. నాకు సంతోషం కలిగించాలని ముందే మడత విప్పావా? ఒప్పందం చేసుకున్నాం, నిజమే. కానీ వంకాయ ఆకులో టమాటా వాసన రాసింది కూడా నువ్వే కదా. దాన్ని నమ్మి నేను మురిసిపోయి ఉంటే నీ సంగతి ఎవరికీ తెలిసేదే కాదు.

కోపం తెచ్చుకోకు. ఇది అడగడానికి నాకున్న అర్హత ఎంతో నాకూ తెలుసు. అడగకపోతే నిద్రపట్టడంలేదు.

మామూలుగానే మూలన గుండ్రం ఉంది, పక్కన మడత ఉంది. వాసన చూసి, రాసి, ఆ తర్వాత విప్పు.

చెల్లి

&nbsp;

జులై 13

దొంగముఖమా,

మడత విప్పకముందు నేను రాసింది ఇదిగో, అదే కాగితం అంటించాను చూసుకో: ‘మిషను నూనె.’

తర్వాత విప్పాను. ‘గుండ్రంలో ఈసారి ఏమీ రుద్దలేదు అక్కా’ అని ఉంది.

మొదట నీ మీద కోపం వచ్చింది, నన్ను పరీక్ష పెడతావా అని. తర్వాత భయం వేసింది. లేని వాసన వచ్చిందంటే ముక్కు మళ్లీ నన్ను మోసం చేస్తోందా? రబ్బరు పోయి ఇప్పుడిదా? కాసేపు కాగితాన్ని ముట్టుకోలేదు.

తర్వాత మెల్లగా తీసి, గుండ్రం దగ్గర వాసన చూశాను. అక్కడ నిజంగానే ఏమీ లేదు. ఎడమ మూల చూశాను. లేదు. కిందికి వచ్చాను. వరసలు ముగిసే చోట, రాసేటప్పుడు నీ చెయ్యి ఆనే చోట, అక్కడ ఉంది. ‘నిద్రపట్టడంలేదు’ అన్న మాట దగ్గర అన్నిటికంటే గట్టిగా ఉంది. అక్కడ చాలాసేపు ఆగావు కదూ?

లేచి పాత ఉత్తరాలన్నీ తీశాను. ఫిబ్రవరి నుంచీ. ప్రతిదానికీ ఉంది అదే చోట. వెల్లుల్లి ఆరిపోయింది, కిరసనాయిలు ఎగిరిపోయింది, ఇది పోలేదు. పరీక్ష పెట్టేదానివి చేతులు కడుక్కోవాలని తెలియదూ? ముప్పై ఏళ్లుగా మిషన్లలో చేతులు పెట్టి, ఏమీ రుద్దలేదని రాస్తుందట!

ఇంక నువ్వు పందెం కాసుకున్నా సరే, ఇది నిజం.

మేనేజరు నిన్న పిలిచాడు. రెండు నెలల్లో ఒక్క ప్లేటూ వెనక్కి రాలేదట. కూరలావిడకి జీతం పెంచి, వంటగదిలోకి మార్చాడు. నన్ను పొయ్యి దగ్గరే ఉండమన్నాడు. ముక్కు సంగతి ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. ఉద్యోగం ఆవిడ ముక్కు మీద నిలబడింది. దాన్ని అలాగే ఉండనీ.

పొద్దున మొదటి టమాటా కోశాను. నిమ్మకాయంత ఉంది, భుజాల దగ్గర ఇంకా కొంచెం పచ్చ. నలుగురికీ నాలుగు ముక్కలు చేశాను. మేనేజరు తిని, చెంచా కింద పెట్టలేదు, నాకాడు. బావ “బాగుంది” అన్నాడు. “నిజంగానా?” అన్నాను. “ఇది నిజంగా” అన్నాడు. కూరలావిడ కళ్లు మూసుకుని తింది. నా ముక్కలో పులుపు తెలిసింది, తీపి తెలిసింది, వెనకాల ఇంకా కొంచెం రబ్బరు. ఆకు నలిపితే సగం రబ్బరు, సగం మీ పెరడు. ఇది ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

గింజలు కడగలేదు. గ్లాసులో వేసి మూత పెట్టాను, పులవనీ.

ఒక్క మాట. వచ్చే ఉత్తరానికి గుండ్రాలూ మడతలూ అక్కర్లేదు. మిషను దగ్గర్నుంచి లేచి, చేతులు కడుక్కోకుండా వచ్చి రాయి.

నీ పోలీసు ముక్కు